ఇరవైకి ఒకటి తక్కువ

ఇబాదాన్‌లో ఇంకా తెల్లవారలేదు.
ఒజే బజారు మూలన
మా అమ్మ పొయ్యి అప్పుడే అంటుకుంది.
గిలకొట్టిన అలసందల పిండి
గరిటెతో జారవిడిస్తే
మూకుట్లో ఎర్రటి చందమామలు తేలతాయి.
అకరా అంటాం వాటిని.
ఉల్లిపాయలు తరిగేది నేను,
కాబట్టి ఆ పొద్దున ఏడ్చిందెవరో
నా కళ్ళు చూసి తేల్చకండి.

ఏడ్చింది తమ్ముడు అడిగున్.
ఎనిమిదేళ్ళవాడు.
నలిపి, ఉండచుట్టి, సంచి అడుగున దాచిన కాగితం
అలసందల కోసం వెతుకుతున్న అమ్మ చేతికే దొరికింది.
పది తీసివేతలు. పదీ తప్పే.
టీచరు ఎర్ర సిరాతో చుట్టిన సున్నా
అచ్చం మా అకరాలాగే ఉంది,
తినడానికే పనికిరాదు.

అమ్మకు అక్షరం ముక్క రాదు.
చిల్లర మాత్రం చీకట్లో తడిమి చెబుతుంది.
"ఏమిటిది?"
"తీసివేతలు. నాకు రావు."
"పందొమ్మిది అను, మన మాటలో."
అన్నాడు.
అంటూ అంటూ సగంలో ఆగిపోయాడు.
మా యొరుబాలో పందొమ్మిదికి సొంత పేరు లేదు మరి.
ఇరవైకి ఒకటి తక్కువ, అంతే.
పద్దెనిమిదంటే ఇరవైకి రెండు తక్కువ.
పాలపళ్ళ నాటి నుంచీ వాడి నోట్లో
తీసివేతలు ఆడుకుంటూనే ఉన్నాయి,
వాటి పేరు ఎవరూ చెప్పలేదు గనక
భయపడటం మరిచిపోయాడు.

ఇంతలో మోటారుసైకిలు దిగకుండానే సుబేరు మామ అరిచాడు.
"పదహారు కట్టు, బేరం పోతోంది నాకు!"
అమ్మ పక్కకు జరిగింది.
"నువ్వు కట్టరా. ముందు ఇరవై పెట్టు."
పెట్టాడు.
"నాలుగు తియ్యి."
తీశాడు.
మూడు పళ్ళెంలోకి వచ్చాయి.
"నాలుగోదేదిరా?" అన్నాడు సుబేరు మామ.
తమ్ముడి బుగ్గ ఒకవైపే ఉబ్బి ఉంది.
నోరు కాలుతుంటే ఊదుకుంటూ చెప్పాడు,
"తీసేశా."
మామ నవ్విన నవ్వుకి
స్టాండు వేయని బండి ఒరిగిపోబోయింది.

ఇక వాణ్ణి ఆపడం ఎవరి తరం?
వీధి చివర నామకరణానికి నలభై ఐదు కావాలన్నారు.
నలభై ఐదంటే మాటలా!
మూడు ఇరవైలు పరవాలి,
పది వెనక్కి లాగాలి,
అందులోంచి మళ్ళీ ఐదు.
డ్రైవరు మన స్టాపు దాటించేస్తే
తిట్టుకుంటూ వెనక్కి నడిచినట్టు.
వాడు తిట్టుకోలేదు.
రెండుసార్లు తప్పాడు, చేతులు కాల్చుకున్నాడు,
మూడోసారి బుట్ట ఎత్తి
ప్రపంచం మోసినవాడిలా నడిచాడు.

ఆ రాత్రి కరెంటు లేదు.
లాంతరు చుట్టూ అమ్మ, నాయనమ్మ, నేను, వాడు.
నాన్న లారీ కానో దారిలో ఎక్కడో ఉంది,
కోలా కాయల బస్తాలతో, పదకొండో రోజు.
"పళ్ళేలెన్ని తేవాలో లెక్కపెట్టు," అంది అమ్మ
ఊరికే, వాణ్ణి ఆడించడానికి.
"ఐదుకి ఒకటి తక్కువ."

నాలుగుకి మా భాషలో సొంత పేరుంది.
పొట్టి పేరు, పలకడం తేలిక.
వాడికి అది తెలియక కాదు.

అమ్మ గరిటె గిన్నెలోనే ఆగింది.
నాయనమ్మ లాంతరు వత్తి సవరించింది,
అది బాగానే వెలుగుతున్నా.
ఈసారి నేను
ఉల్లిపాయలేం తరగడం లేదు.

తర్వాతి వారం కాగితం దాచకుండా తెచ్చాడు.
"ఎన్ని?" అంటే
"పదికి మూడు తక్కువ."
"ఆ మూడూ ఏమయ్యాయిరా?"
మూకుడు వైపు చూశాడు దొంగ.